నాలుగో పేరు

కోవిడ్ ఆంక్షలు తొలగి క్రాస్‌కంట్రీ లీగ్ మళ్ళీ పూర్తి స్థాయిలో మొదలైన ఏడాది, అక్టోబరులో, ఆ లీగ్ వార్తలు రాసే పని ఎప్పటిలాగే నాకే అప్పగించారు. అప్పటికి నేను నార్తాంప్టన్‌లో ఒక స్థానిక వారపత్రికలో క్రీడా విభాగం సీనియర్ రిపోర్టర్‌ని. విభాగం అనగానే పెద్ద హాలు, వరుసగా బల్లలు ఊహించుకోకండి. స్పోర్ట్స్ ఎడిటర్ ఒకరు, నేనొకదాన్ని. ఫుట్‌బాల్, రగ్బీ ఆయన చూసుకునేవారు. టికెట్ కొని ఎవరూ చూడని ఆటలన్నీ నావి. వాటిలో సగం వానలో జరిగేవి.

హన్మకొండలో డిగ్రీ చదివి, పెళ్ళయ్యాక భర్త ఉద్యోగం వెంట ఈ దేశం వచ్చినదాన్ని. క్లబ్బులవాళ్ళు శనివారాలు ఫోన్లో చెప్పే స్కోర్లు టైపు చేసే పనితో ఆ పత్రికలో చేరాను. నేను చివరిసారి పరుగెత్తింది కాలేజీ బస్సు కోసం. కానీ ఎవరు ఎందుకు ఓడిపోయారో తెలుసుకోవాలనే కుతూహలం మాత్రం పుట్టుకతో వచ్చింది. మా అమ్మ దానికి ‘ఊరోళ్ళ ముచ్చట్లు’ అని పేరు పెట్టి తిట్టేది. ఇక్కడ అదే పనికి జీతం ఇచ్చారు.

క్రాస్‌కంట్రీ అంటే ట్రాక్ మీద పరుగు కాదు. చలికాలంలో, పార్కుల్లోనో పొలాల్లోనో, బురదలో గుట్టలెక్కి, చిన్న చిన్న కాలువలు దాటి సాగే పరుగు. అందులో ఒక పద్ధతి ఉంది. ఈ సంగతంతా దాని మీదే నడుస్తుంది కాబట్టి ముందే చెప్పాలి. పరుగెత్తేది ఎవరికి వారే అయినా గెలిచేది జట్టు. మా లీగ్‌లో, ఒక క్లబ్బు నుంచి ఎంతమంది పరుగెత్తినా, ముందుగా వచ్చిన నలుగురి స్థానాలను కూడేవారు. రెండో స్థానం వస్తే రెండు, నలభయ్యో స్థానం వస్తే నలభై. ఎవరి మొత్తం తక్కువైతే ఆ క్లబ్బు గెలిచినట్టు. మొదటి అమ్మాయి ఎంత బాగా పరుగెత్తినా, నాలుగో అమ్మాయి బాగా వెనకబడితే జట్టు మునిగినట్టే.

పత్రికలో మాత్రం ముగ్గురి పేర్లే వేసేవాళ్ళం. అది మా హౌస్ స్టైల్, అంటే పత్రిక తనకు తాను పెట్టుకున్న నియమం. ఒక్కో వయసు విభాగానికి మూడు వాక్యాలు. పట్టణ క్లబ్బు నుంచి ముందొచ్చిన ముగ్గురి పేర్లు, జట్టు స్థానం, అంతే. ఆ నియమం ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు. శనివారం పోటీ, సోమవారం మధ్యాహ్నానికి వార్త రాసి ఇవ్వడం, గురువారం పొద్దున పత్రిక. గురువారం మధ్యాహ్నం నుంచి ఫోన్లు.

స్థానిక క్రీడా విలేకరి పనిలో సగం ఆట చూడటం, మిగతా సగం తిట్లు వినడం. పచ్చిక మీద బంతులు దొర్లించే బౌల్స్ ఆట ఆడే ఒక పెద్దాయన తన క్లబ్బుకు పోయిన వారం కన్నా ఒక వాక్యం తగ్గిందని ప్రతి వేసవిలో ఫోన్ చేసేవాడు. ఆయన ఎంతో మర్యాదగా మాట్లాడేవాడు, ఎప్పటికీ ఫోన్ పెట్టేవాడు కాదు. ఇక పిల్లల తల్లిదండ్రుల సంగతి చెప్పనక్కర్లేదు. కాకిపిల్ల కాకికి ముద్దు అన్నారు. ఆ కాకి పేపరు కూడా చదివితే ఎలా ఉంటుందో అన్నవాళ్ళకు తెలియదు.

రవీందర్ మొదటిసారి ఫోన్ చేసింది నవంబరులో. మొదలుపెట్టడం ఇంగ్లిష్‌లోనే, చాలా చల్లగా, ఆఫీసు మీటింగులో మాట్లాడినట్టు. పదిహేడేళ్ళ లోపు అమ్మాయిల విభాగంలో పట్టణ క్లబ్బు తరఫున పరుగెత్తే మేఘన అనే అమ్మాయి తండ్రినని చెప్పాడు. నేను నా పేరు వసుధ అని చెప్పగానే అవతల ఇంగ్లిష్ ఆగిపోయింది.

“మీరు తెలుగోల్లా మేడం?”

అవునన్నాను. ఊరు చెప్పాను. తనది జగిత్యాల అన్నాడు. రెండు నిమిషాల్లో మేడం పోయి అక్కనయ్యాను. మూడో నిమిషంలో నిలదీత మొదలైంది.

“అక్కా, మనోల్లే ఉండి మా బిడ్డ పేరు ఎగ్గొడితే ఎట్ల?”

అతని ఫిర్యాదు ఇదీ. అక్టోబరులో జరిగిన మొదటి పోటీలో మేఘన పేరు పత్రికలో వచ్చింది. ఆ ముక్క ఫోటో తీసి జగిత్యాల నుంచి బర్మింగ్‌హామ్ దాకా ఉన్న చుట్టాలందరికీ పంపాడు. ఆ తర్వాత ఆమె పేరు రావడం ఆగిపోయింది. ఆ చోట లూసీ అనే అమ్మాయి పేరు వస్తోంది. లూసీ మేఘన స్నేహితురాలే, ఇద్దరిదీ ఒకే స్కూలు. శిక్షణలో మేఘనే వేగంగా పరుగెత్తుతుందని కోచ్ కూడా చెబుతోంది. మరి పత్రికకు లూసీ ఒక్కతే ఎలా కనిపిస్తోంది?

“ఇద్దరు పక్కపక్కనే వస్తున్రు. ఆ పిల్ల పేరు వస్తది, మా బిడ్డ పేరు రాదు. గిది ఏం పద్ధతక్కా?”

పేర్లు మేం ఎంచుకోమని, ముందొచ్చిన ముగ్గురివీ వేస్తామని, లూసీ క్లబ్బులో మూడోదిగా వస్తే మేఘన నాలుగోదిగా వస్తోందని చెప్పాను. విన్నాడు. ఆ తర్వాతి గురువారం మళ్ళీ అదే ఫోన్. ఆ పై వారం ఎడిటర్‌కే మెయిల్ పెట్టాడు. పొడుగ్గా, పేరాలకు అంకెలు వేసి, చివర్లో ‘వివక్ష’ అనే మాట వాడి.

రాతపూర్వకంగా వచ్చిన ఫిర్యాదును విచారించి రాతపూర్వకంగానే జవాబు ఇవ్వాలన్నది మా దగ్గర పద్ధతి. స్పోర్ట్స్ ఎడిటర్ ఆ మెయిల్ నాకు పంపుతూ, మీ వాళ్ళే కదా, మీరే చూసుకోండి అని ఒక ముక్క జోడించారు. ఒళ్ళు మండింది. ఫుట్‌బాల్ పిల్లల తండ్రులు రెఫరీ మీద అరిచినప్పుడు ఆయన్ని పిలిచి మీ వాళ్ళే కదా అని నేనెప్పుడూ అనలేదు. ఆ మాట ఆయనతోనే అన్నాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి, సారీ చెప్పారు, ఫిర్యాదు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

విచారణ అంటే నాకు ముందు తెలియాల్సింది ఒకటే. నాలుగోదిగా వస్తున్న అమ్మాయి నిజంగా నాలుగోదేనా? నవంబరు చివరి పోటీకి వెళ్ళి ఎప్పటిలాగే ఫినిష్ దగ్గర నిలబడ్డాను. విలేకరులందరూ అక్కడే నిలబడతారు. గీత దాటిన పిల్లలు తాళ్ళు కట్టి గరాటులా ఇరుకు చేసిన దారిలోకి వస్తారు. దాన్ని ఫన్నెల్ అంటారు. అందులో ఒకరినొకరు దాటడానికి వీల్లేదు, వచ్చిన వరుసలోనే ముందుకు నడిచి స్థానం అంకె ఉన్న బిళ్ళ తీసుకోవాలి. పక్కనే ఫలితాలు కట్టే వ్యాన్, దాని పక్కన టీ గుడారం, వెనక కార్ పార్క్. తల్లిదండ్రులూ అక్కడే, కోచ్‌లూ అక్కడే.

లూసీ వచ్చింది, ముఖం కందిపోయి, కాళ్ళు తడబడుతూ. గీత దాటగానే మోకాళ్ళ మీద కూలిపోయింది. రెండు అడుగుల వెనక మేఘన. సన్నగా, పొడుగ్గా, జడ మడిచి కట్టుకున్న అమ్మాయి. వరుసలో అంతా అలాగే వచ్చారు. రవీందర్ చెప్పింది తప్పు, పత్రిక వేసింది ఒప్పు. జవాబు రాసి పారేయొచ్చు.

కానీ ఒక సంగతి నన్ను వదల్లేదు. ఊపిరాడక వంగిపోయిన పిల్లల మధ్య మేఘన ఒక్కతే నిటారుగా నిలబడి ఉంది. లూసీ జాకెట్ వెతికి తెచ్చి ఆమె భుజాల మీద కప్పింది, షూ లేసులు విప్పింది, ఏదో జోక్ చెప్పి నవ్వించింది. అంత దూరం బురదలో పరుగెత్తి వచ్చిన పిల్లలా లేదు, బస్సు దిగి వచ్చినట్టుంది.

క్లబ్బు కోచ్‌ని అడిగాను. ఆమె ఒక స్కూల్లో టీచర్, జీతం లేకుండా శనివారాలు ఈ పని చేస్తుంది. పిల్లల బిళ్ళలు పోగుచేసుకుంటూ, ఈ ఏడు మన పదో తరగతి లాంటి జీసీఎస్ఈ పరీక్షలు కదా, మేఘన ధ్యాస కొంచెం తగ్గినట్టుంది అంది. ఒక విభాగం అయ్యేలోపు ఇంకో విభాగం పిల్లలు వచ్చేస్తారు, ఆమె ఫినిష్ వదిలి కదలడానికి లేదు. నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇక్కడ నిప్పు ఎక్కడుందో నాకు అంతు చిక్కలేదు.

డిసెంబరు పోటీ ఒక పాత బంగళా చుట్టూ ఉన్న మైదానంలో జరిగింది. ఆ రోజు నేను ఫినిష్ దగ్గర ఆగలేదు. గమ్‌బూట్లు వేసుకుని, మోకాలి కిందకు వచ్చే కాలువ దాటి, చెట్ల వెనక ఉన్న గుట్ట పైకి వెళ్ళి నిలబడ్డాను. కార్ పార్క్ నుంచి చూస్తే ఆ గుట్ట కనిపించదు. అక్కడ నేను, ఒక మార్షల్ తప్ప ఎవరూ లేరు. మార్షల్ అంటే పిల్లలు దారి తప్పకుండా జెండా పట్టుకుని నిలబడే వాలంటీర్. ఇక్కడికి పేపరువాళ్ళు రావడం ఇదే మొదటిసారి అన్నాడు. ఎన్నేళ్ళుగా నిలబడుతున్నారని అడిగాను. తన కూతురు చిన్నప్పటి నుంచి అన్నాడు. ఆ కూతురికి ఇప్పుడు పిల్లలట.

ముందు వెళ్ళేవాళ్ళు వెళ్ళారు. ఎనిమిదో స్థానంలో మేఘన వచ్చింది, ఒంటరిగా, తేలిగ్గా. గుట్ట ఎక్కింది. పైకి రాగానే తల తిప్పి వెనక్కి చూసింది. ఆ తర్వాత అడుగులు చిన్నవి చేసింది. ఒక అమ్మాయి దాటింది, ఇంకొకరు, మరో నలుగురు, ఆ వెనక ఒక పెద్ద గుంపు. మేఘన దాదాపు నడుస్తోంది. గుట్ట కింద లూసీ కనిపించింది, ముఖం ఎర్రగా, నడకకూ పరుగుకూ మధ్య. ఆమె దగ్గరికి వచ్చేదాకా ఆగి, మేఘన గాలి వీచే వైపు జరిగి, ఆమెకు ముందు నిలిచి, వెనక్కి చూడకుండానే ఏదో అంది. లూసీ అడుగు కలిపింది. ఇద్దరూ కలిసి గుట్ట దిగి, తమను దాటినవాళ్ళను ఒక్కొక్కరినే దాటుకుంటూ వెళ్ళిపోయారు. నేను చలిలో నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఇన్నేళ్ళు ఈ పని చేసి, ఒక్కసారి కూడా గుట్ట ఎక్కనందుకు నా మీద నాకే నవ్వొచ్చింది.

పోటీ అయ్యాక, క్లబ్బు గుడారం వెనక బురద బూట్లు కడుక్కుంటున్న మేఘన దగ్గరికి వెళ్ళాను. ఇది పేపరు కోసం కాదని ముందే చెప్పాను. ఆ మాట ఊరికే అనలేదు. పదహారేళ్ళు నిండని పిల్లల సొంత విషయాల మీద తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఇంటర్వ్యూ చేయకూడదని మా నియమావళిలో ఉంది, మేఘనకు పదిహేనే. నేను తెలుగులో అడిగాను, గుట్ట మీద ఆగింది లూసీ కోసమేనా అని. తెలుగు అర్థమైంది, జవాబు మాత్రం ఇక్కడి యాసలో ఇంగ్లిష్‌లో వచ్చింది.

“ఇట్స్ జస్ట్ మాథ్స్, ఆంటీ.”

తర్వాత లెక్క వివరించింది. తన దారిన తాను పరుగెత్తితే తనకు ఎనిమిది, లూసీకి నలభై అయిదు దాకా వస్తుంది, కలిపితే యాభై మూడు. ఇద్దరూ కలిసి వస్తే ఇరవై, ఇరవై ఒకటి, కలిపితే నలభై ఒకటి. జట్టుకు పన్నెండు లాభం. అక్టోబరులో జట్టు అయిదో స్థానంలో ఉండిపోయినప్పుడు ఇంటికి వెళ్ళి లెక్క వేసుకుందట. లూసీకి దమ్ముంది, కానీ ఒంటరిగా మిగిలితే గుట్ట దగ్గర ధైర్యం పోయి నడుస్తుంది. మరి ఫినిష్ దగ్గర లూసీ వెనక ఎందుకు వస్తావంటే, వెనక అడుగుల చప్పుడు వింటే లూసీ ఇంకా వేగంగా పరుగెత్తుతుంది అంది. అది కూడా లెక్కే. ఒంటరిగా ముందు పరుగెత్తడం బోరు అని కూడా చెప్పింది, కొంచెం సిగ్గుపడుతూ.

ఆ తర్వాత ముఖం మారింది. పేపర్లో రాస్తారా అని అడిగింది. రాస్తే లూసీ చదువుతుంది, తన సొంత బలంతోనే వస్తున్నాననుకుంటోంది, అది చాలావరకు నిజం కూడా. అంతకన్నా భయం వాళ్ళ నాన్న గురించి. ఈ చలికాలం కౌంటీ జట్టులోకి, అంటే మన జిల్లా జట్టు లాంటిదానిలోకి, ఎంపికైతే పరుగు కొనసాగించొచ్చు, లేకపోతే ఇక పుస్తకాలే అని ఆయన మాట తీసుకున్నాడట. కౌంటీ ఎంపికదారుల కన్ను లీగ్‌లో మొదటి పది మంది మీదే ఉంటుంది. కావాలని వెనకబడుతోందని తెలిస్తే చలికాలం దాకా కూడా ఆగడు, రేపే బూట్లు దాచేస్తాడు. చెప్పకండి ఆంటీ అంది. చెప్పనన్నాను.

ఆఫీసులో స్పోర్ట్స్ ఎడిటర్‌కు చెప్పాను. అది నా విధి. ఆయన కుర్చీలో ముందుకు జరిగి, ఈ చలికాలం మనకు దొరికిన మంచి కథ ఇదే అన్నారు. నిజమే. గుట్ట మీద నా కళ్ళతో చూసింది రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ అమ్మాయి చెప్పిన మాటలు వేయాలంటే తండ్రి అనుమతి కావాలి. అనుమతి అడగాలంటే తండ్రికి చెప్పాలి. మాటలు లేకుండా చూసింది మాత్రం రాస్తే, ఆ అమ్మాయి కోల్పోయేది పరుగు, మనకు మిగిలేది అరపేజీ. ఈ సంగతి గట్టిగానే చెప్పాను. ఆయన కాసేపు పెన్ను కొరికి, సరే, పక్కన పెట్టండి అన్నారు. కౌంటీ ఎంపికదారుడి చెవిలో ఒక మాట వేస్తే పోతుంది కదా అని నాకు అనిపించింది. ఆయన నాకు బాగా తెలుసు, ప్రతి పోటీలోనూ టీ తాగుతూ మాట్లాడుకునేవాళ్ళం. కానీ రిపోర్టర్ ఎవరి తరఫునా సిఫారసు చేయకూడదు. ఒకసారి చేస్తే ఆ తర్వాత మనం రాసే ఏ పేరునూ ఎవరూ నమ్మరు.

రవీందర్‌కు జవాబు పంపాం. ఫలితాలు సరిచూశామని, మేఘన స్థానం సరైనదేనని, వివక్ష లేదని. అంతా నిజమే. అయినా ఆ ఉత్తరం కింద నా పేరు పెడుతుంటే నాకు తృప్తిగా లేదు.

అది చదివి అతను చల్లబడలేదు, బాణం మరోవైపు తిప్పాడు. జనవరి చివర ఫోన్ చేసి, తప్పు పేపరుది కాదని అర్థమైంది, తప్పు కోచ్‌ది అన్నాడు. మంచిగ ఉరికే పిల్లను లూసీ కోసం వెనక్కి లాగుతోందని అతని అనుమానం. మనిషి నిజానికి అంగుళం దూరంలో నిలబడి తప్పు మనిషిని పట్టుకున్నాడు.

“ఫిబ్రవరి పోటీ చూస్త అక్కా. అయిపోంగనే క్లబ్బుల నుంచి తీసేస్త. ఉరుకుడు లేదు ఏం లేదు, చదువుకుంటది.”

అంటే ఇంకో మూడు వారాల్లో ఆ అమ్మాయి పరుగు ఎలాగూ పోతుంది. పైగా ఏ తప్పూ లేని కోచ్ మీద నింద పడుతుంది. నేను మేఘనకు చెప్పనని మాటిచ్చాను. చూపించనని ఇవ్వలేదు. ఈ తేడా ఎంతవరకు నిజాయితీ అని నన్ను అడగకండి. ఆ రోజు నాకు దొరికింది అదే. నేను చెప్పే చోట నిలబడి పోటీ చూస్తానంటే రమ్మన్నాను, చూసేదాకా నోరు మెదపకూడదని షరతు పెట్టాను.

ఫిబ్రవరి పోటీ మళ్ళీ ఆ పాత బంగళా మైదానంలోనే. అతను ఆఫీసు బూట్లతో వచ్చాడు. అయిదు నెలలుగా ప్రతి పోటీకీ వచ్చినా కార్ పార్క్, టీ గుడారం, ఫినిష్ తప్ప అతనికి ఏమీ తెలియదు. నా భర్త గమ్‌బూట్లు తెచ్చి ఇచ్చాను. అవి అతనికి పెద్దవి, అడుగు వేస్తే పాదం ఒకవైపు, బూటు ఒకవైపు. గుట్ట ఎక్కుతూ, “అక్కా, ఫినిష్ అటు గద, గీడ ఏముందని?” అని నాలుగుసార్లు అడిగాడు. ముళ్ళకంచె వెనక నిలబెట్టాను. మా పాత మార్షల్ జెండా ఎత్తి పలకరించాడు.

ముందు ఆరుగురు వెళ్ళారు. ఏడో అమ్మాయిని చూడగానే రవీందర్ నా చెయ్యి పట్టుకున్నాడు.

“సెవెన్త్! అక్కా, సెవెన్త్ ఉంది మా బిడ్డ!”

షరతు గుర్తు చేశాను. నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. కళ్ళు మాత్రం వెలిగిపోతున్నాయి, నాకు ఆ క్షణం అతని మీద జాలి వేసింది. మేఘన గుట్ట పైకి వచ్చింది. వెనక్కి చూసింది. అడుగులు చిన్నవయ్యాయి.

“దెబ్బ తాకిందా ఏంది?” అని కంచె దాటబోయాడు. కోటు పట్టుకుని ఆపాను. ఒకరు దాటారు, ఇద్దరు దాటారు, అయిదుగురు దాటారు. ప్రతిసారీ అతని భుజం ఎవరో నెట్టినట్టు కదిలింది. అప్పుడు లూసీ వచ్చింది. మేఘన గాలి వైపు జరిగింది, ముందు నిలిచింది, ఏదో అంది, ఇద్దరూ అడుగు కలిపి కిందికి దిగిపోయారు.

ఐటీలో మేనేజర్, లెక్కలు అతనికి నేను చెప్పక్కర్లేదు. వాళ్ళు దిగిపోయిన వైపే చూస్తూ అడిగాడు.

“ఎప్పట్నుంచి అక్కా?”

నవంబరు నుంచి అయుండాలి అన్నాను.

“మీకు ఎరుకేనా?”

డిసెంబరులో ఇక్కడే చూశానన్నాను. తల ఊపాడు. ఫినిష్ వైపు పరుగెత్తి వెళ్తాడనుకున్నాను. వెళ్ళలేదు. చిట్టచివరి అమ్మాయి గుట్ట దాటేదాకా అక్కడే నిలబడ్డాడు. ఆ అమ్మాయి పూర్తిగా నడుస్తూ, ఏడుస్తూ వచ్చింది. ఆమెకు చప్పట్లు కొట్టాడు. తర్వాత గమ్‌బూట్లు విప్పి ఇచ్చి, థ్యాంక్స్ కూడా చెప్పకుండా కారు దగ్గరికి వెళ్ళిపోయాడు. నాకు భయం వేసింది. ఈ పూటే ఇంట్లో గొడవ జరిగి ఆ పిల్ల పరుగు ఆగిపోతే అందుకు కారణం నేనే అవుతాను. శనివారం నుంచి గురువారం దాకా ఆ భయం నన్ను వదల్లేదు.

ఆ రోజు ఫలితం వేరేలా వచ్చిందని వ్యాన్ దగ్గరికి వెళ్ళాక తెలిసింది. చివరి మలుపులో లూసీ బురదలో జారిపడింది. వెనకే వస్తున్న మేఘన వేగం మీద ఆగలేక ఫన్నెల్‌లోకి వచ్చేసింది. అందులోకి వచ్చాక వెనక్కి వెళ్ళడానికి లేదు. లూసీ లేచి, మోచేయి రక్తంతో, ముగ్గురి తర్వాత గీత దాటింది. జట్టు ఆ పోటీ గెలిచింది, లీగ్ మొత్తంలో రెండో స్థానం దక్కింది. నియమం ప్రకారం ముగ్గురి పేర్లు వేశాను. మూడో పేరు మేఘనది. తండ్రి నవంబరు నుంచి అడుగుతున్న పేరు చివరికి వచ్చింది.

గురువారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. నంబరు చూసి కాసేపు ఎత్తలేదు.

“అక్కా, పేపర్ చూసిన. మా బిడ్డ పేరు వచ్చింది.”

అవునన్నాను. అతని గొంతులో కోపం లేదు, సంతోషం కూడా లేదు.

“మరి ఆ లూసీ పేరెందుకు రాలె? పడి లేచి ఉరికిందట గద ఆ పిల్ల.”

అలవాటు కొద్దీ నియమం చెప్పడం మొదలుపెట్టాను. ముందొచ్చిన ముగ్గురి పేర్లే వేస్తామని, నాలుగో పేరు వేయమని. అతను నన్ను పూర్తి చేయనివ్వలేదు.

“ఏం రూలక్కా అది? లెక్కల నలుగురుంటే పేపర్ల ముగ్గురెట్ల ఉంటరు?”

ఇరవై ఏళ్ళకు పైగా ఆ నియమం ప్రకారం రాశాను, ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు, నేనూ అడగలేదు. మెయిల్ పెట్టమన్నాను. పెట్టాడు, మళ్ళీ పేరాలకు అంకెలు వేసి. ఫోన్ పెట్టేసేముందు ఒక్క కోరిక కోరాడు, తాను గుట్ట మీద నిలబడ్డ సంగతి బిడ్డకు చెప్పొద్దని. ఆ ఇంట్లో తండ్రికి తెలియకూడదని కూతురు, కూతురికి తెలియకూడదని తండ్రి. మధ్యలో నేను ఇద్దరికీ మాటిచ్చి కూర్చున్నాను.

కౌంటీ జట్టు ప్రకటించినప్పుడు అందులో మేఘన పేరు లేదు. రిజర్వు జాబితాలో కూడా లేదు. ఆ వార్త నేనే రాశాను. రవీందర్ ఫోన్ చేయలేదు. తర్వాతి అక్టోబరులో కొత్త సీజన్ మొదలైనప్పుడు పరుగు మొదలయ్యే గీత దగ్గర మేఘన ఉంది, పక్కన లూసీ ఉంది. గుట్ట మీద సరిపోయే సైజు గమ్‌బూట్లతో రవీందర్ ఉన్నాడు, ఒక చెట్టు వెనక. ఆ ఏడాది నుంచి మా పత్రికలో నలుగురి పేర్లు వేయడం మొదలుపెట్టాం. ఆ చోటు కోసం బౌల్స్‌లో ఒక వాక్యం కోశాం, పెద్దాయన వెంటనే ఫోన్ చేశాడు.

ఇప్పుడు మేఘన కేంబ్రిడ్జ్‌లో చదువుతోంది. లెక్కలే. ఇది రాయడానికి అనుమతి అడుగుతూ ముందు తండ్రితో మాట్లాడాను, ఇక చెప్పినా ఫరవాలేదన్నాడు. కూతురికి, స్నేహితురాలికి ఈ పేజీలు పంపాను. పేర్లు మార్చి రాస్తే ఇద్దరికీ అభ్యంతరం లేదట. లూసీ, తనకు రెండో పోటీ నుంచే తెలుసని, మేఘన సంతోషం చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నానని రాసింది. మేఘన మొదట ఒక్క ప్రశ్నే పంపింది, డాడ్ చూశాడా అని. కాసేపటికి ఇంకో మెసేజ్. ఆ ఫిబ్రవరి తర్వాత ప్రతి పోటీ నుంచి కారులో ఇంటికి వెళ్తుంటే నాన్న మొదట అడిగేది తన స్థానం కాదట, లూసీ ఎట్ల ఉరికింది అనట. ఎందుకో తనకు ఇన్నాళ్ళూ అర్థం కాలేదట.

ఆ చలికాలం నాకు పనికొచ్చే సంగతి ఒకటి నేర్పింది. ఫిర్యాదు చేసేవాళ్ళు చెప్పే కారణం సాధారణంగా తప్పే అవుతుంది. వాళ్ళు వేలు పెట్టి చూపించిన చోటు మాత్రం ఒకసారి వెళ్ళి చూడాలి, ఎందుకంటే ఆ మూడు వాక్యాలను మనకన్నా శ్రద్ధగా చదివింది వాళ్ళే. పదవీ విరమణ చేసేదాకా, ఫిర్యాదు వచ్చిన ప్రతి పోటీకి మళ్ళీ వెళ్ళి ఫినిష్‌కు దూరంగా నిలబడ్డాను. చాలాసార్లు అక్కడ బురద తప్ప ఏమీ లేదు. ఫలితాలు ఎలాగూ వ్యాన్ దగ్గర దొరుకుతాయి.